నల్ల కారు వెనక సీటు

"ఇంట్లోనే కదా ఉంటావు, గ్యాస్ అతను వస్తే కాస్త చూడు" అని మా ఆయన బయల్దేరాడు. ఆయన దృష్టిలో నేను ఉద్యోగం చేయను, ఇంట్లో ఉంటాను. డాక్టర్లు రికార్డు చేసి పంపే మాటలు విని రిపోర్టులుగా టైపు చేయడం నా పని. చేసేది భోజనాల బల్ల మీద. హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నా సరే, మా ఆయన ఒక చెవి మీంచి వాటిని పక్కకు లాగి సాక్సులెక్కడ అని అడుగుతాడు. మా అత్తగారికి ఆ లాగడం కూడా అక్కర్లేదు, నేరుగా మొదలుపెట్టేస్తారు. పోయిన నెల ఒక రోగి రిపోర్టులో "ఎడమ ఊపిరితిత్తి బాగానే ఉంది, తువ్వాళ్ళు ఇంకా ఆరలేదు" అని కొట్టి పంపేశాను. సూపర్‌వైజరు ఫోన్ చేసి నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, ఇంకోసారి ఇలా జరిగితే ఉద్యోగం ఉండదని చెప్పింది. ఆ సంగతి ఇంట్లో చెబితే తువ్వాళ్ళ దగ్గరే అందరూ నవ్వుతూ ఆగిపోయారు. నాకో గది కావాలని అడిగాను. "ఉన్నవే రెండు గదులు, ఎవర్ని బయటికి పంపమంటావు?" అన్నారు అత్తగారు. ఒళ్ళు మండింది. కానీ నిజమే, ఎవర్ని పంపను?

అప్పుడే పక్క వీధిలో రిటైరైన మాస్టారు తన పాతకాలం నల్ల కారు అమ్మేస్తున్నారని తెలిసింది. గోడకు గుద్దుకుని ముందు భాగం నుజ్జయిన కారు. మోజు మా ఆయనది. దాన్ని బాగు చేయించి పెళ్ళిళ్ళకు అందులో దర్జాగా దిగాలని సరదా. ఇంటి పక్కన గోడల్లేని రేకుల షెడ్డు ఖాళీగానే ఉంది కదా, అందులో పెడదామన్నాడు. కొనాల్సింది నా జీతంతో కాబట్టి నన్నూ వెంట తీసుకెళ్ళాడు.

కారు చూడ్డానికి పిలిపించిన మెకానిక్ దాని కిందికి దూరాడు. మా ఆయన అన్నీ తెలిసినవాడిలా పక్కన నిలబడి తలూపుతున్నాడు. అంతసేపు నిలబడలేక నేను వెనక సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాను. బరువైన తలుపు, మెత్తగా పడింది. వీధి చప్పుడంతా ఆగిపోయింది. అద్దం అవతల మా ఆయన నోరు కదులుతోంది, మాట వినిపించడం లేదు. పెళ్ళయ్యాక ఆయన మాట్లాడుతుండగా నాకింత హాయిగా ఎప్పుడూ లేదు. సీటు చిరిగిపోయింది, బూజు వాసన వస్తోంది, అయినా లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కాళ్ళు చాపుకునేంత చోటుంది. కళ్ళమ్మట నీళ్ళు కారాయి. ఏమైందని ఎవరూ అడగలేదు. ప్రాణం లేచొచ్చింది.

మెకానిక్ బయటికి వచ్చి చేతులు తుడుచుకున్నాడు. అద్దం దించాను.

"ఇంజిన్ పూర్తిగా పోయింది మేడమ్. కింద ఫ్రేము కూడా వంగింది. దీన్ని రోడ్డెక్కించే ఖర్చుతో ఇంకో కారు వస్తుంది. వదిలేయండి."

మా ఆయన ముఖం చిన్నబోయింది. అంతలోనే సర్దుకుని, తను ముందే అనుకున్నానన్నాడు. ఇక పోదాం దిగమంటూ తలుపు లాగాడు. అది రాలేదు. లోపలి గడియ నేనే వేశాను.

"తలుపులూ అద్దాలూ బాగున్నాయా?" అని మెకానిక్‌ని అడిగాను.

"వాటికేం మేడమ్, గట్టిగా ఉన్నాయి."

"అయితే ఇంజిన్ జోలికి పోవద్దు. సీటు కుట్టించి, లాక్కొచ్చి మా షెడ్డులో పెట్టండి. నేను కొంటున్నాను."

మా ఆయన కిటికీలోకి వంగాడు. "కదలని కారులో ఎక్కడికి వెళ్తావు?"

"ఆఫీసుకి" అని అద్దం పైకెత్తాను.