వెయ్యి దగ్గర ఆగిన లెక్క

కోడుమూరు మగ్గాలవీధిలో పొద్దున్నే మొదట వినబడేది గంగాదేవి రాట్నం. ముప్పై నాలుగేళ్ల మనిషి. నూలు చుట్టడంలో ఆమెను మించినవాళ్లు లేరు. అయినా పుట్టి బుద్ధెరిగాక ఒక్కనాడూ మగ్గం ఎక్కలేదు. అందుకు కారణం ఆమె అంకె.

నేతగాళ్ల ఇళ్లలో బిడ్డ మొదటి కేక వేసినప్పుడు, కేకతో పాటే ఒక అంకె వినబడుతుంది. మంత్రసాని బొడ్డు కోసి, అంకె చెప్పి, చేతులు కడుక్కుని పోతుంది. ఆ వీధిలో నేసేవన్నీ పెద్దంచు చీరలే. వాటికి మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి కదా, ఆ ఇద్దరి అంకెలనూ శేషం లేకుండా భాగించేది ఏదైనా ఉండాలి. ఒకటితో భాగించడం మాత్రం లెక్కలోకి రాదు. పన్నెండూ ఇరవై ఒకటీ అయితే మూడు కలుపుతుంది, దిగులు లేదు. ఏదీ కలపకపోతే పోగులు పటపటా తెగుతాయి.

గంగాదేవి పుట్టినప్పుడు వినబడింది పది లక్షల ఇరవై రెండు వేల నూట పదిహేడు. అంత పెద్ద కేక ఆ వీధిలో ఎవరూ వేయలేదు. వీధిపెద్ద రామలింగప్ప మూడు నెలలు గోడ మీద బొగ్గుతో భాగించాడు. రెండు మొదలు వెయ్యి దాకా దేంతోనూ పోలేదు. అక్కడ ఆపేశాడు. పోగులు లెక్కపెట్టేవాళ్లు వెయ్యికి ముడి వేసి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడతారు మరి. "ఇది ఒంటి అంకె" అని తేల్చేశాడు. ఎవరూ కావాలని చేసిన అన్యాయం కాదు. పిల్ల బతుకు మాత్రం రాట్నం దగ్గరే నిలిచిపోయింది.

ఆ ఏడు వానల్లేవు. మిల్లు గుడ్డ వచ్చి నేతకు గిరాకీ లేదు. అన్న సుంకన్న సంసారంతో షోలాపురం మిల్లు పనికి పోతానన్నాడు.

"నువ్వూ రావాల. ఈడ ఒక్కదానివే ఏం జేస్తావు?"

"మగ్గం దొరికితే ఈడనే ఉంటాన్నా."

"యాడ దొరుకుతాది? నీ పక్కన కూచునేదెవరు?"

గంగాదేవి మళ్లీ రాట్నం తిప్పసాగింది. పరాయి ఊళ్లో వదిన పొయ్యి ముందు ముసలిదైపోవడం ఆమెకు కళ్లకు కట్టింది.

ఆ వారమే ఒంటిమిట్ట దిక్కు నుంచి రామసుబ్బమ్మ అనే ఆవిడ పక్కింటికి చుట్టంగా వచ్చింది. నలభై దాటిన నేతింటి మనిషి, మాట్లాడుతూ రాట్నం పక్కన చతికిలబడింది.

"నాదీ నీ కతే తల్లీ. వెయ్యి పదమూడు. దేంతోనూ పోదు. మా ఊర్లో నా పక్కన ఎవురూ కూచోరు."

ఎవరి అంకె విన్నా తన అంకెలోంచి మళ్లీ మళ్లీ తీసి చూసుకోవడం గంగాదేవికి అలవాటు. ప్రతిసారీ ఏదో ఒకటి మిగిలేది. ఈసారీ మనసులోనే తీసింది. వెయ్యి మార్లు తీస్తే పది లక్షల పదమూడు వేలు పోయాయి. తొమ్మిది వేల నూట పదిహేడు మిగిలింది. ఇంకో తొమ్మిది మార్లు తీసింది.

ఏమీ మిగల్లేదు.

నమ్మకం చాలక మొదటి నుంచీ మళ్లీ తీసింది. అప్పుడు ఏడుపొచ్చింది.

"అక్కా, కలుస్తాండాయి!"

"ఏం కలుస్తాండాయి?"

"మన అంకెలు!"

ఇద్దరూ రామలింగప్ప ఇంటికి పోయారు. ముసలాయన లెక్క రెండుసార్లు చెప్పించుకుని తల పట్టుకున్నాడు.

"వెయ్యి దాటి సూడాలని తోచలేదమ్మా. ఇంకో తొమ్మిది అంకెలు సూసింటే వెయ్యిన్నీ తొమ్మిదే తగిలేది, దాంతోపాటే ఈమె వెయ్యిన్నీ పదమూడూ బయటపడేది. నా తప్పే."

తొమ్మిది అంకెలకు ముప్పై నాలుగేళ్లు! గంగాదేవికి ఒళ్లు మండింది. కానీ తప్పు ఆయనే ఒప్పుకున్నాక తిట్టబుద్ధి కాలేదు.

"పోనీలే తాతా. నీ మగ్గం ఊరికే పడుండాది గదా, అదియ్యి."

రామసుబ్బమ్మ తన ఊరికి పోకుండా అక్కడే ఉండిపోయింది. సుంకన్న ప్రయాణం నాటికి ఆ మగ్గం మీద ఇద్దరి చేతుల్లో మూరెడు చీర దిగింది. ఒక్క పోగూ తెగలేదు. చెల్లెలికి చెప్పి పోదామని అతను గడపలోకి వచ్చాడు. గంగాదేవి మగ్గం గుంటలోంచి కాళ్లు తీసి లేవబోయింది.

"లేయొద్దు," అన్నాడు సుంకన్న. "కూచోని నెయ్యి. సూసి పోతా."