కొత్తవారు దయచేసి లేచి నిలబడండి

మా సంఘంలో సంగతులకు కొదవ లేదు, జనానికే కొదవ. అందుకని కొత్త పాస్టరు గారు ఏదో శిక్షణకు వెళ్ళి, ఆరాధన నడపడం ఎలా, బయటివాళ్ళను లోపలికి తేవడం ఎలా అని బోలెడన్ని ఉపాయాలు మూటగట్టుకొచ్చారు. పాట అందరి గొంతుకూ అందే శ్రుతిలో ఎత్తుకోవాలి, ప్రసంగం జనానికి ఆకలి మొదలయ్యేలోపు దించాలి, ఇలాంటివి. పాట దిగింది గానీ ప్రసంగం దిగలేదు. ఇన్నిట్లోనూ ఆయనకు ముద్దొచ్చిన ఉపాయం వేరే ఉంది. మొదటిసారి వచ్చినవాళ్ళు లేచి నిలబడి మైకులో తమ గురించి నాలుగు ముక్కలు చెప్పాలి, మిగతావాళ్ళు చప్పట్లు కొట్టాలి.

ఈ పని మైకుకు అప్పగించారు. మైకు అంటే వస్తువు కాదు, మనిషి. బస్టాండులో ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పే అనౌన్సరు. స్వాగతం చెప్పమంటే సాగదీసి సాగదీసి చివరికి స్వగతం చేసేవాడు. వచ్చినవాళ్ళ ఊరు, ఉద్యోగం, పిల్లల చదువులు, మోకాళ్ళ నొప్పులు అన్నీ మైకులోనే రాబట్టేవాడు. మా ఆరాధనలో 'ఆరా' అతను తీస్తే, 'ధన' కానుకల సంచీ తీసుకునేది. అలా నిలబడినవాళ్ళలో కొందరు మళ్ళీ మా వీధిలోకే రాలేదు. అయినా మైకుకు ఆ అనుమానం రాలేదు. బస్టాండులో కూడా అతను పిలిచాకే కదా జనం వెళ్ళిపోయేది.

మైకు భార్య ఆసుపత్రిలో నర్సు. ఆవిడ చూపు సూదిలా దిగితే అతని మాటల జ్వరం దిగేది. ఆవిడ తమ్ముడు డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. పోయిన చలికాలంలో ఆ తమ్ముడి భార్య పోయింది. అప్పటినుంచి ఉద్యోగానికి వెళ్ళడం మానేసి అక్క ఇంట్లో వెనక గదిలో ఉంటున్నాడు. నేర్పే కారులో మాస్టారి వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఆ అలవాటుకొద్దీ ఎదుటివాళ్ళ గొంతు పెరిగితే కూర్చున్నచోటే కుడికాలు నేలకేసి అదుముతాడు. బావ మైకయ్యాక ఆ కాలికి విశ్రాంతి ఎక్కడిది.

శనివారం నర్సమ్మ వంటింటి తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించింది.

"రేపు మందిరానికి వాడూ వస్తానన్నాడు."

చపాతీ తింటున్న మైకు ముక్క పట్టుకునే లేచి నిలబడ్డాడు. "అయితే రేపు మనం..."

"అదిగో, నాకు భయం మీ 'అయితే'తోనే. కూర్చోండి. ఎవరూ తనని ఏమీ అడక్కూడదట. నిలబెట్టకూడదట. ఒక్కళ్ళు నిలబెట్టినా అట్నుంచి అటే బస్సెక్కి తన ఇంటికి వెళ్ళిపోతాడట. సంచీ కూడా సర్దుకున్నాడు."

"ఆ ఇంట్లో ఒక్కడూ ఏం చేస్తాడు?"

"తలుపేసుకుంటాడు. ఇక్కడైతే కనీసం తలుపు కొట్టడానికి మనమున్నాం." ఆవిడ పొయ్యి కట్టేసి అతని వైపు తిరిగింది. "ఏమండీ, రేపు ఒక్కరోజు మీ నోటికి సెలవు పెట్టండి."

"నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా?"

"చిన్నపిల్లలు నయం. నిద్రపోతారు."

మైకుకు మాత్రం నిద్ర పట్టలేదు. ఆదివారం అందరికన్నా ముందు మందిరానికి వెళ్ళి పాస్టరు గారిని పట్టుకున్నాడు. ఆయన అప్పటికే కొత్తవారికిచ్చే పువ్వులకు కాడలు కత్తిరిస్తున్నారు.

"అయ్యగారూ, ఇవాళ కొత్తవాళ్ళని నిలబెట్టొద్దండి. మా బావమరిది వస్తున్నాడు."

"మీరా ఈ మాట అనేది? నిలబెట్టకపోతే మన ప్రేమ వాళ్ళకెలా తెలుస్తుందండీ?"

"కూర్చోబెట్టి కూడా ప్రేమించొచ్చు కదండీ."

పాస్టరు గారు కత్తెర పక్కన పెట్టారు. "సరే, నేను అడగను. కానీ మిగతావాళ్ళ నోళ్ళు నా చేతిలో లేవు."

ఆ మాటతో మైకు కాళ్ళకు చక్రాలొచ్చాయి. గుమ్మం దగ్గర పాటల టీచరమ్మను ఆపాడు. "మా బావమరిది వస్తాడు. ఏమీ అడక్కండి." ఆవిడ "అయ్యో, ఏమైంది?" అంది. ఏమైందో చెప్తేగానీ ఏమీ అడక్కూడదని ఆవిడకు ఎలా తెలుస్తుంది? చెప్పాడు. డ్రమ్ము కొట్టే దర్జీకి చెప్పాడు, కానుకల సంచీ పట్టే గుమాస్తాకు చెప్పాడు, చెప్పులు విప్పుతున్నవాళ్ళకు చెప్పాడు. రహస్యం కదా అని ఒక్కొక్కరి చెవిలో చెప్పాడు. అతని రహస్యం బయట పార్కు చేసిన బండ్లకు కూడా వినపడింది.

బావమరిది అక్క వెనకే వచ్చాడు, భుజాన సంచీతో. గుమ్మం దగ్గర దర్జీ అతన్ని చూడగానే గోడ మీది క్యాలెండరు చదవడం మొదలుపెట్టాడు. నడవలో టీచరమ్మ ఎదురొచ్చి, 'వందనాలు' అనబోయి, అది కూడా అడిగినట్టు అవుతుందేమోనని మింగేసింది. అతను మధ్య వరసలో కూర్చున్నాడు. అటు రెండు కుర్చీలు, ఇటు రెండు కుర్చీలు మర్యాదగా ఖాళీ అయ్యాయి. కిందటివారం దాకా కొత్తమొహం కనిపిస్తే మీద పడేవాళ్ళంతా ఇప్పుడు కప్పు మీది ఫ్యాన్లను లెక్కపెడుతున్నారు.

మైకు గోడవార నిలబడి చొక్కా గుండీ పెట్టుకుని, విప్పుకుని, మళ్ళీ పెట్టుకుంటున్నాడు. పాట అయింది. ప్రతి వారం కొత్తవాళ్ళను లేపే సమయం వచ్చింది. పాస్టరు గారు నోరు తెరిచి, బావమరిదిని చూసి, మూసేసి, "ఇప్పుడు... ఇప్పుడు మనం..." అని కాగితాలు తిరగేశారు. హాల్లో గుండుసూది పడితే కూడా క్షమించమని అడిగేంత నిశ్శబ్దం. నిలబెట్టి మైకు ఇచ్చినా ఒక మనిషి మీద అంత వెలుగు పడదు. బావమరిది కుడికాలు నేలను అదిమి అలాగే ఉండిపోయింది.

మైకు వంగి వంగి వెళ్ళి పక్క కుర్చీలో కూర్చున్నాడు.

"బావా, నాకేదో అంటురోగమని చెప్పావా?"

"ఛఛ. నిన్నేమీ అడగొద్దని చెప్పానంతే."

"ఎంతమందికి?"

"కొద్దిమందికే."

"మిగతావాళ్ళు పుట్టుకతోనే ఇలా ఉన్నారా?"

బావమరిది సంచీ భుజాన వేసుకుని లేచి, నడవలోంచి నెమ్మదిగా బయటికి నడిచాడు. అంతమందీ చూడనట్టు చూశారు. ఆడవాళ్ళ వరసలోంచి నర్సమ్మ భర్త వైపు తిరిగింది. ఆ చూపుకు మైకు పరుగులాంటి నడకతో వెనకే వెళ్ళాడు.

వరండాలో సంఘానికి టీ కాచే పెద్దమ్మ ఉంది. ప్రసంగం అయ్యేదాకా ఆవిడ లోపలికి రాదు. లోపల ఆత్మలు పొంగినా ఫర్వాలేదు, బయట పాలు పొంగకూడదన్నది ఆవిడ సిద్ధాంతం. మైకు పొద్దున అందరికీ చెప్పాడుగానీ ఆవిడ దగ్గరికి మాత్రం వెళ్ళలేదు. వెళ్తే పని చెప్తుందని భయం.

"బాబూ, సమయానికొచ్చావు," అంది ఆవిడ బావమరిదిని చూసి. "ఎండ ఇటొచ్చేసింది. ఈ బల్ల అటుపక్క పట్టుకో, నీడలోకి జరుపుదాం."

అతను ఒంటిచేత్తో పట్టుకున్నాడు. బల్ల ఒరిగి కప్పులు గలగలమన్నాయి.

"సంచీ దించి పట్టవయ్యా. కప్పులు సంఘానివి."

దించి రెండు చేతులా పట్టుకున్నాడు. బల్ల గాల్లో ఉండగానే ఆవిడ అడిగేసింది. "నువ్వు మన నర్సమ్మ తమ్ముడివి కదూ. మీ ఆవిడ పోయిందటగా."

మైకుకు కాళ్ళ కింద నేల బస్సులా కదిలింది. ఆపమని చెయ్యెత్తాడు. ఎవరూ అతన్ని చూడలేదు.

"అవునండీ," అన్నాడు బావమరిది.

"ఆ అమ్మాయి పేరేంటి?"

అతను చెప్పాడు. మొదట ఇంట్లో పిలిచే పేరు, ఆ తర్వాత అసలు పేరు.

అన్ని నెలల్లో తన ఇంట్లో ఆ పేరు ఎవరూ పలకలేదని మైకుకు అప్పుడు తట్టింది. పలికితే బాధపడతాడని అక్క పలకలేదు. ఊరందరి పేర్లూ మైకులో పిలిచే బావ కూడా పలకలేదు.

"టీ బాగా పెట్టేదా?" అంది పెద్దమ్మ, బల్ల దించుతూ.

"అస్సలు బాగుండేది కాదండీ. నీళ్ళెక్కువ పోసేది. ఇదేంటని అడిగితే, అందరికీ సరిపోవద్దా అనేది. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే."

పెద్దమ్మ నడుం మీద చెయ్యేసుకుని నవ్వింది. బావమరిది మొహం ఏడుపు దాకా వెళ్ళి, అక్కడ ఎటూ తేల్చుకోలేక ఆగింది. ఆవిడ అది పట్టించుకోకుండా టీ పోసిన కప్పుల ట్రే అతని చేతిలో పెట్టి, పాలు చూడ్డానికి పక్కకెళ్ళింది.

లోపల ఆఖరి పాట ఎత్తుకున్నారు.

"బావా," అన్నాడతను ట్రేతో నిలబడి. "మా వైపు బస్సు ఎన్నింటికి?"

ఆదివారం లేదనొచ్చు. ఇందాకే వెళ్ళిపోయిందనొచ్చు. బస్సుల గురించి మైకు ఏం చెప్పినా ఊరు ఊరంతా నమ్ముతుంది. అబద్ధం నాలుక చివర ఎక్కి టిక్కెట్టు కూడా తీసుకుంది. మైకు గొంతు సవరించుకున్నాడు, గుండీ విప్పుకున్నాడు.

"ఇప్పుడు బయల్దేరితే ఒకటి అందుతుందిరా," అన్నాడు. అంత చిన్న గొంతు తనకుందని అతనికే తెలియదు.

"అది తప్పితే?"

"సాయంత్రం ఉంది."

బావమరిది ట్రే వైపు చూశాడు. ఇంతలో తలుపులు తెరుచుకుని జనం బయటికొచ్చారు. అతన్ని చూడగానే, చెప్పినమాట వినే పిల్లల్లా అందరూ ఆకాశం వైపు తిరిగారు. అతను తానే రెండడుగులు వేసి పాటల టీచరమ్మ ముందు ట్రే పట్టాడు.

"తీసుకోండి. చక్కెర సరిపోయిందో లేదో చూసి చెప్పండి."

అడక్కూడదని మాత్రమే చెప్పారుగానీ అతనే అడిగితే ఏం చెయ్యాలో టీచరమ్మకు ఎవరూ చెప్పలేదు. కప్పు తీసుకుని, ఒక గుక్క తాగి, "కొంచెం తక్కువైంది," అంది. అతను ఆ మాట పెద్దమ్మకు చెప్పడానికి వెనక్కి వెళ్ళాడు.

నర్సమ్మ జనాన్ని తప్పించుకుంటూ భర్త దగ్గరికొచ్చింది.

"ఏమన్నాడు?"

"బస్సు ఎన్నింటికన్నాడు."

"మీరేమన్నారు?"

"ఉన్నది ఉన్నట్టు చెప్పాను."

ఆవిడ కళ్ళు మూసుకుని తెరిచింది. "వెళ్ళిపోతాడా?"

"ఒకటి వదిలేశాడు. ఇంకోటి సాయంత్రం."

"అప్పటిదాకా మనమేం చెయ్యాలి?"

పెద్దమ్మ దూరం నుంచే మైకును వేలితో పిలిచి, ఖాళీ కప్పులు చూపించింది. మైకు భార్య మోచెయ్యి పట్టుకుని అటు నడిచాడు. బావమరిది అప్పటికే చేతులు తడుపుకుని కడుగుతున్నాడు. మైకు పక్కన నిలబడి, ఒక కప్పు తీసుకుని, ఇన్నాళ్ళూ ఇంట్లో పలకని ఆ పేరు మనసులో ఒకసారి అనుకుని, అప్పుడు పైకి అన్నాడు.