నివాసుల లెక్కలో లేనివాళ్లు

గొర్రెలు తాగే తొట్టిలోంచి కూడా సీసాలో నీళ్లు పట్టారు. సీసాకు చీటీ అంటించి, నంబరు వేసి, ఐసు పెట్టెలో పెట్టారు. తొట్టికి ఇరవై అడుగుల దూరంలోనే కూలీల క్యాంపు బావి ఉంది. ఆ బావి గట్టు మీద కూలీ రామాంజనేయులు కడుపు పట్టుకుని పడి ఉన్నాడు. తాగిన నీళ్లు తాగినట్టే కక్కుకుంటున్నాడు. ఇంజనీరు నాగేంద్రప్రసాద్ అతన్ని చూశాడు. చేతిలోని కాగితం చూశాడు. తర్వాతి తోటకు బండి తీయమన్నాడు.

పోశన్న ఐసు పెట్టె కింద పెట్టేశాడు.

అది 1990 జూలై. కువైట్‌లో, సౌదీ సరిహద్దుకు దగ్గరగా ఉన్న వఫ్రా తోటల పక్కన ఒక పెద్ద కంపెనీ ఫ్యాక్టరీల మురుగు నిలవచేసే చెరువు తవ్వాలనుకుంది. అనుమతి రావాలంటే ముందు నేలనూ నీటినీ పరీక్షించి నివేదిక ఇవ్వాలి. ఆ పరీక్షల కాంట్రాక్టు ఒక చిన్న కంపెనీ తీసుకుంది. దాని కింద బోర్లు వేయడానికీ, పైపులు దించడానికీ, నీళ్లు పట్టడానికీ ముప్పై మంది తెలుగువాళ్లు వచ్చారు. సగం కడపవాళ్లు, సగం కరీంనగర్‌వాళ్లు. అయితే అనుమతి సంగతి ఎలా ఉన్నా, రెండేళ్లుగా ట్యాంకర్లు అక్కడ ఒక గుంటలో మురుగు దింపుతూనే ఉన్నాయి. ఆ గుంటకు అన్నిటికంటే దగ్గరున్నది క్యాంపు బావే.

పోశన్నది జగిత్యాల దగ్గర పల్లె. ఊళ్లో కూలి సంఘంలో తిరిగి, దొర పెట్టించిన కేసుల్లో జైలుకు పోయివచ్చి, ఉన్న ఎకరం అమ్ముకుని కువైట్ చేరాడు. ఇక ఎవరి జోలికీ పోనని భార్య భాగ్యలతకు మాటిచ్చాడు. ఆరేళ్లు ఆ మాట నిలబెట్టుకున్నాడు.

"గొర్ల నీళ్లు వడ్తున్నరు గద సారూ, మా బాయి నీళ్లెందుకు వట్టరు?" అని అడిగాడు ఆ రోజు.

నాగేంద్రప్రసాద్ ప్రొద్దుటూరు మనిషి. చెడ్డవాడు కాదు, భయస్థుడు. బండిలోంచి కాంట్రాక్టు కాగితాలు తీసి పదకొండో షరతు తెలుగులో చెప్పాడు. నీళ్లు పట్టాల్సిన చోట్లు పన్నెండు, అంతకు మించి పట్టకూడదు. నివాసులంటే చుట్టుపక్కల ఇల్లో తోటో ఉన్నవాళ్లు మాత్రమే. తాత్కాలిక కూలీలు నివాసుల లెక్కలోకి రారు. గొర్రెలు తోట యజమాని ఆస్తి కాబట్టి లెక్కలో ఉన్నాయి. వచ్చిన ఫలితాలు డబ్బు పెట్టిన కంపెనీవి, దాని అనుమతి లేకుండా ఇంకెవరికీ చూపకూడదు.

"నేను రాసింది కాదు పోశన్నా. సంతకం పెట్టినోళ్లు వేరే ఉండారు. నేనేం చేసేది?" అన్నాడు.

ఆ సాయంత్రం రేకుల షెడ్డులో అందరూ కూర్చున్నారు. మొదట కడపవాళ్లు ఒక పక్క, కరీంనగర్‌వాళ్లు ఒక పక్క. రామాంజనేయులు మనవాడు కాదు కదా, మనకెందుకని కరీంనగర్‌వాళ్లలో ఒకరు గొణిగారు. గొడవపడితే వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, ఇఖామా అనే నివాస అనుమతి రద్దు చేసి విమానం ఎక్కిస్తాడని కడపవాళ్లు భయపడ్డారు. వంట చేసే లాల్ బాషా అంతా విన్నాడు. రాయచోటి మనిషి, తక్కువ మాట్లాడతాడు.

"ఆ బాయి నీళ్లతోనే నేను అందరికీ వొండి పెడ్తాండా. అన్నంలో కడప నీళ్లు, కరీంనగర్ నీళ్లు అని వేరేగా ల్యావు" అన్నాడు.

తెల్లవారి ఎవరూ బోరు మిషను ముట్టలేదు. క్యాంపు బావిని కూడా కాగితంలో చేర్చాలి, లేకుంటే పని బంద్. కంపెనీ మేనేజరు వచ్చి అరిచాడు, పోలీసులను పిలుస్తానన్నాడు. ముప్పై మందీ మిషను చుట్టూ ఎండలో కూర్చున్నారు. పోశన్న నడుమ కూర్చుని, తనకు తెలిసిన ఒకే ఒక్క పద్ధతి చెప్పాడు: పిలిస్తే అందరం లేవాలి, లేదా ఎవరం లేవొద్దు. రెండో రోజు సాయంత్రానికి మేనేజరు మెత్తబడ్డాడు. నివేదిక ఇవ్వాల్సిన గడువు దగ్గరపడింది మరి. నాగేంద్రప్రసాద్ జాబితా చివర పదమూడో చోటు రాసి సంతకం పెట్టాడు. పెడుతున్నప్పుడు అతని ముఖంలో ఏదో బరువు దిగినట్టు కనిపించింది.

బుధవారం, ఆగస్టు ఒకటిన, క్యాంపు బావి సీసా సిటీలోని ల్యాబుకు వెళ్లింది. గురువారం తెల్లవారేసరికి ఇరాక్ సైన్యం సిటీలో ఉంది.

మేనేజరు బండి సరిహద్దు దాటిపోయింది. పాస్‌పోర్టులు సిటీ ఆఫీసులో ఉండిపోయాయి. ల్యాబును సైనికులు ఊడ్చుకుపోయారని నాలుగు రోజుల తర్వాత నాగేంద్రప్రసాద్ కాలినడకన వచ్చి చెప్పాడు. అతని కారు చెక్‌పోస్టులో లాక్కున్నారు. అంతవరకూ అతనికి సిటీ నుంచి నీళ్ల సీసాలు వచ్చేవి. ఇప్పుడు అతనూ క్యాంపు బావి నీళ్లే తాగాడు. మూడో రోజు అతనూ కక్కుకున్నాడు. లాల్ బాషా గ్లాసు గంజి తెచ్చి పక్కన పెట్టి పోయాడు.

ఆసుపత్రి లేదు, బండి లేదు. ఆగస్టు పంతొమ్మిదిన రామాంజనేయులు చనిపోయాడు. కాల్చడానికి కట్టెలు లేక ఇసుకలో పూడ్చారు. బాలసుబ్బయ్య అనే అతని ఊరివాడు ఆ పక్కనే కూర్చుని చీకటి పడేదాకా లేవలేదు.

నాగేంద్రప్రసాద్ దగ్గర మొదటి పన్నెండు చోట్ల నీళ్ల ఫలితాలున్న నివేదిక కాపీ ఒకటి మిగిలింది. పరీక్షించిన వాటిలో మూడు బావుల నీళ్లే తాగడానికి పనికొస్తాయని అందులో ఉంది. మూడూ దూరపు తోటల్లో ఉన్నాయి. అది చదివి వినిపించాక కూలీలు వంతులు వేసుకుని అక్కడినుంచి నీళ్లు మోసుకొచ్చారు. యజమానులు వదిలిపోయిన తోటల్లో బెంగాలీలు, తెలుగువాళ్లు, గొర్రెల కాపర్లు మూడు వందల మంది దాకా ఉన్నారు. వాళ్లందరికీ కబురు చెప్పారు. ఆ నీళ్లతోనే అందరూ బతుకుతున్నారు.

సెప్టెంబరులో ఒక సైనిక అధికారి వచ్చాడు. మంచినీళ్ల బావుల మ్యాపు ఇవ్వమన్నాడు. ఫలితాలు కంపెనీవి, ఇవ్వడానికి తనకు హక్కు లేదని నాగేంద్రప్రసాద్ ఇంగ్లీషులో చెప్పాడు. అధికారి నవ్వాడు. ఇప్పుడు ఆ కంపెనీకీ, ఈ నేలకూ యజమానులం మేమే, రేపు పొద్దున మ్యాపు సిద్ధంగా ఉంచు అని వెళ్లిపోయాడు.

"ఒక కఫీల్ పాయె, ఇంకో కఫీల్ అచ్చె" అన్నాడు పోశన్న.

ఇచ్చేద్దాం, ప్రాణాలు దక్కుతాయని కొందరన్నారు. అప్పటికే ఉత్తరపు తోటలో వేరే బావి ఒకదాని చుట్టూ సైనికులు ముళ్లకంచె వేశారు. దగ్గరికొచ్చిన కాపరిని కాల్లో కాల్చారు. మూడూ పోతే మూడు వందల మంది ఏం తాగాలని లాల్ బాషా అడిగాడు. వాదన చాలాసేపు నడిచింది. చివరికి నాగేంద్రప్రసాదే లేచి నివేదిక తెచ్చి లాల్ బాషా పొయ్యిలో పెట్టాడు. తెల్లవారుజామునే గుంపులుగా పోయి మూడు బావుల మోటార్లు విప్పేసి, నోళ్ల మీద రేకులు వేసి ఇసుక కప్పాలని అనుకున్నారు. చెంబుతో తోడుకునేంత సందు తోటలవాళ్లకు మాత్రమే తెలియాలి. ఎన్నాళ్లు దాగుతుందో ఎవరికీ నమ్మకం లేదు.

అధికారి చెప్పినదానికంటే ముందే, వాళ్లింకా బయలుదేరకముందే వచ్చాడు. కాగితాలు కాలిపోయాయనగానే నాగేంద్రప్రసాద్ చెంప మీద కొట్టాడు. తుపాకీ మడమతో భుజం మీద ఇంకో దెబ్బ పడింది. ఇంజనీరు మోకాళ్ల మీద కూలిపోయాడు. అతని పెదవులు కదలడం పోశన్న చూశాడు. భాగ్యలతకు ఇచ్చిన మాట గుర్తొచ్చింది.

అయినా ముందుకు నడిచాడు. బావుల్లో పైపులు దించింది నేను, ఈయన బండిలో కూర్చునేవాడు, ఈయనకేం తెలియదని వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లో చెప్పాడు. సైనికులు అతని చేతులు వెనక్కి కట్టారు.

"నాకోసరం ఎందుకన్నా ఇట్ల చేస్తివి?" అన్నాడు నాగేంద్రప్రసాద్. మొదటిసారి అన్నా అన్నాడు.

"నీ కోసం కాదు సారూ. ఇంకొక్క దెబ్బ వడితే నువ్వు చెప్పేస్తవు."

ట్రక్కు కదిలేసరికి దారికి అడ్డంగా లాల్ బాషా కూర్చున్నాడు. బాలసుబ్బయ్య కూర్చున్నాడు. కడపవాళ్లు, కరీంనగర్‌వాళ్లు, వాళ్ల మధ్య భుజం పట్టుకుని ఇంజనీరు. గాల్లోకి కాల్చారు. ఎవరూ లేవలేదు. అధికారి డ్రైవరుకు ఏదో చెప్పాడు. ట్రక్కు దారి వదిలి, వాళ్లను చుట్టి, ఇసుక మీదుగా పోయింది. అంత సులువుగా పోయింది.

పోశన్న ట్రక్కు వెనక నేల మీద పడి ఉన్నాడు. ఎక్కడికి తీసుకుపోతున్నారో, ఎన్ని దెబ్బల దాకా తాను తట్టుకోగలడో అతనికి తెలియదు. బావులు మూతపడేదాకా, సాయంత్రం వరకూ నోరు మూసుకుంటే చాలు అనుకున్నాడు. తల ఎత్తి చూశాడు. దారి మీద కూర్చున్నవాళ్లు లేచారు. క్యాంపు వైపు ఒక్కరూ తిరగలేదు. దారి పక్కన పెట్టుకున్న పారలు భుజాన వేసుకుని, మూడు గుంపులుగా, మూడు తోటల వైపు వేగంగా నడుస్తున్నారు.