పెట్టె మీది నంబరు

పాపయ్య ఫ్రీజర్ బాక్సు అద్దం మీది చేతి గుర్తులు తుడుస్తున్నాడు. గుర్తులెప్పుడూ ఒకేచోట పడతాయి, లోపల పడుకున్న మనిషి మొహం ఎక్కడుంటుందో సరిగ్గా దాని పైన. కాళ్ళ వైపు అద్దం మీద చిన్నపిల్లలు తప్ప ఎవరూ చెయ్యి వెయ్యరు. సబ్బునీళ్ళతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడిచాక, మూత చుట్టూ ఉన్న రబ్బరు అంచులో ఇరుక్కున్న బంతిరేకులను పాత టూత్‌బ్రష్షుతో బయటికి లాగాడు. ఒక్క రేకు మిగిలినా మూత సరిగ్గా పడదు, చలి బయటికి పోతుంది.

చావు సామాను అద్దెకిచ్చే ఆ షాపు హెబ్బగోడిలో మెట్రో స్తంభాలకు ఒక సందు లోపల ఉంది. యజమాని హేమంత్‌కుమార్‌కు ముప్పై దాటి ఎంతో కాలేదు. షాపు వాళ్ళ నాన్న పెట్టింది. పాపయ్య ఆ నాన్న కాలం నుంచీ ఉన్నాడు. బాక్సును వ్యానులో తీసుకెళ్ళి దింపడం, ప్లగ్గు పెట్టి చలి పట్టేదాకా చూడడం, పని అయ్యాక తెచ్చి కడగడం, షాపు ఫోను ఎత్తడం, ఇవీ ఆయన పనులు. ఆ ఫోను నంబరే బాక్సు అద్దానికి ఒక వైపున ఎర్రటి స్టిక్కరులో పెద్ద పెద్ద అంకెలతో ఉంది. చిక్కంతా ఆ నంబరుతోనే వచ్చింది.

కిందటి చలికాలంలో మారతహళ్ళి నుంచి కొందరు సాఫ్ట్‌వేర్ పిల్లలు వచ్చి బాక్సును ఒక రోజుకు అడిగారు. చావుకు కాదు, షార్ట్ ఫిల్ముకు. తల్లి చనిపోతే కూతురు దూరం నుంచి వచ్చేదాకా శవాన్ని బాక్సులో ఉంచుతారు, అదీ కథ. తల్లి వేషం వేసినామె లోపల పడుకుని రెండుసార్లు తుమ్మింది. ప్రాణమున్న మనిషి లోపలుండగా బాక్సు నడపడానికి మనసొప్పక పాపయ్య ప్లగ్గు పీకేశాడు. అంతా అయ్యాక ఆమెకు నిమ్మకాయతో దిష్టి కూడా తీయించాడు. లైట్లు, గొడుగులు, మైకులు అన్నీ సర్దుకున్న పిల్లలు ఆ నంబరు మీద ఒక కాగితం ముక్క అతికించడం మాత్రం మరిచిపోయారు. సినిమా చివర్లో కూతురు వచ్చి అద్దం మీద అరచెయ్యి ఆనిస్తుంది. కెమెరా చాలాసేపు ఆ చేతి మీదే ఉంటుంది. చేతి పక్కన నంబరు, తీరిగ్గా రాసుకోవడానికి వీలుగా.

సినిమాను నెట్‌లో పెట్టిన వారానికి ఫోన్లు మొదలయ్యాయి. జనం బాగానే చూశారట. చాలామంది కింద కామెంట్లు రాసి ఊరుకుంటే, కొందరు మాత్రం నంబరుంది కదా అని కొట్టి చూశారు. లోపల పడుకున్నది నిజం శవమేనా అని అడిగారు. నడుమ కొంచెం సాగదీశారు, కత్తిరించాల్సింది అని ఒకాయన చెప్పాడు. "సరేప్పా, చెప్తా" అన్నాడు పాపయ్య. ఎవరికి చెప్పాలో ఆయనకు తెలియదు. నాకొక ఛాన్సు ఇప్పించండి అని ఇంకొకడు వెంటపడ్డాడు. కాలేజీ పిల్లలు ఐస్‌క్రీమ్ ఉందా అని అడిగి నవ్వుకుని పెట్టేశారు. ఎవరో పెద్దావిడ, "లోపల చలి మరీ ఎక్కువుంటుందా నాయనా?" అని అడిగింది. "లేదమ్మా, మీ ఇంట్లో ఫ్రిజ్జు ఉండాది చూడు, అంతే" అన్నాడు. ఫ్రిజ్జు మాట ఎత్తకుండా ఉండాల్సింది అని రెండు రోజులు బాధపడ్డాడు.

సినిమాను ఆయనా చూశాడు, డ్రైవరు గంగన్న ఫోనులో. గంగన్న ముక్కు చీదుతుంటే పాపయ్య మాత్రం, "వైరు చూడప్పా, ఎట్ల చుట్టినారో, కాలికి తగిలి ఎవురన్నా పడితే?" అన్నాడు. ఆయనకు అందులో ఏడవాల్సింది ఏమీ కనిపించలేదు. రోజూ చూసేదే.

పొద్దున హేమంత్‌కుమార్ షాపు తెరవడంతోనే చెప్పేశాడు. "సాయంత్రానికి ఆ స్టిక్కరు గీకేయి మామా. కొత్త నంబరుది నేను తెస్తా. నిన్న లైను దొరక్క నిజమైన గిరాకీ వేరే షాపుకు పోయినాడు. సినిమా చూసిన ప్రతివాడికీ సమాధానం చెప్పేదానికా మనం షాపు పెట్టుకునింది? పాత సిమ్ము ఈపొద్దే తీసి పారేస్తా."

"సరేప్పా" అన్నాడు పాపయ్య.

ఏ మాటకైనా ఆయన అలాగే అంటాడు. ఆనేకల్‌లో మగ్గం నేసేటప్పుడు షావుకారు కూలి తగ్గిస్తే సరే అన్నాడు. మగ్గాలు మూలపడి హెబ్బగోడి ఫ్యాక్టరీలో చేరి, ఆ ఫ్యాక్టరీ మూతపడితే దానికీ సరే అన్నాడు. అడగాల్సినవన్నీ ఆయన తరఫున భార్య పద్మావతే అడిగేది. ఈ పని కూడా ఆమె అడిగి ఇప్పించిందే. నాలుగేళ్ళ కిందట ఆమె పోయినప్పుడు హేమంత్ నాన్న బాక్సు పంపిస్తానన్నాడు. పిల్లలు లేరు, దూరాన్నుంచి రావాల్సినవాళ్ళూ లేరు, ఎందుకులే అన్నాడు పాపయ్య. మధ్యాహ్నానికల్లా అంతా అయిపోయింది. ఒక్క రాత్రి ఉంచుకోవలసింది అని ఆయనకు ఇప్పటికీ అనిపిస్తూనే ఉంటుంది. ఎవరి కోసమో కాదు, తన కోసమే.

స్టిక్కరు గీకడానికి బ్లేడు తెచ్చి స్టూలు మీద పెట్టుకున్నాడు కానీ చెయ్యి రాలేదు. ముందు బాక్సు చక్రాలకు నూనె వేశాడు. వైరు విప్పి మళ్ళీ చుట్టాడు. కడిగిన ట్రేను ఇంకోసారి కడిగాడు. గంగన్న వచ్చి, "ఏమన్నా, పెండ్లికూతుర్ని చేసినట్ల చేస్తుండావు బాక్సును" అని ఎగతాళి చేశాడు. పాపయ్య నవ్వలేదు. నంబరు పోతే దివ్య ఫోను చెయ్యదు. ఆ పిల్ల చెయ్యకపోతే, తిన్నావా అని తనను అడిగే మనిషి ఇంకెవరూ లేరు. పొద్దున్నుంచీ ఆయన్ను తొలుస్తున్నది అదే.

దివ్యను ఆయన చూడలేదు. సినిమా చూసి ఫోను చేసినవాళ్ళలో ఆమె ఒకతె. ఆ రోజు ఎత్తగానే అవతల ఏడుపు వినిపించింది. ఏడుపు వినిపిస్తే పాపయ్య ఎప్పుడూ అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. అలవాటు కొద్దీ అవే అడిగాడు.

"యాడికి పంపించల్ల పాపా?"

"మదనపల్లె దగ్గర... మా ఊరికి."

"అంత దూరం మేము రాలేము గదా. సరే, చెప్పు. ఎవురు పోయింది?"

"మా నాన్న."

"కరెంటు ఉండాదా ఇంట్లో?"

"లేదండీ. ఆ రోజు గాలివాన. కరెంటు లేదు. బాక్సు కూడా దొరకలేదు."

'ఆ రోజు' అన్న మాట చెవిన పడి, ఇది ఇప్పటి చావు కాదని పాపయ్యకు అప్పుడు అర్థమైంది. ఫోను పెట్టేస్తే సరిపోయేది. కానీ ఆఖరి ప్రశ్న మిగిలి ఉంది. బాక్సును ఎన్నాళ్ళు ఉంచాలో తేలేది ఆ ప్రశ్నతోనే. అది అడగకుండా ఆయన ఏనాడూ ఫోను పెట్టలేదు.

"ఎవురన్నా రావల్లనా?"

"నేనే రావాలి సార్. నేను బస్సు దిగేసరికి అందరూ స్నానాలు చేసి వస్తున్నారు" అంది.

పాపయ్య తల గోక్కున్నాడు. ఓదార్చడం ఆయనకు చేతకాదు. రావాల్సినవాళ్ళు ఉంటే చెప్పే మాట ఒకటుంది, అదే చెప్పాడు.

"సరే పాపా. నువ్వొచ్చేదాకా ఉంచుతాము."

అప్పటినుంచి ఆమె వారానికి ఒకసారైనా చేస్తోంది. పెద్దగా మాటలేమీ ఉండవు. తిన్నారా, వాన పడిందా, ఈరోజు ఎన్ని చోట్లకి వెళ్ళారు, ఇంతే. వాళ్ళ నాన్న సంగతి మళ్ళీ ఎత్తలేదు.

అన్నం వేళకు షాపు ఫోను మోగింది. దివ్యే. పాపయ్య డబ్బాలోని రాగిసంకటి పక్కకు జరిపి ఎత్తాడు.

"ఈ నంబరు ఈపొద్దుతో సరి పాపా. తీసేస్తుండారు" అన్నాడు, పలకరింపు కూడా లేకుండా.

"అదేంటి! మీ పర్సనల్ నంబరు చెప్పండి, సేవ్ చేసుకుంటా."

"నాకు వేరే లేదు. ఇదే."

"మరి మీతో ఎలా మాట్లాడేది?" ఆమె గొంతు కొంచెం లేచింది. "మీ ఓనర్‌ని అడగండి. పాత సిమ్ పారేసేదే కదా, మీకిచ్చేయమనండి. ఫోన్ నేను కొంటాను. అడుగుతారా?"

"అడుగుతా."

"అడగరు మీరు. నాకు తెలుసు. ఈవెనింగ్ ఆఫీస్ అయ్యాక నేనే చేస్తా. ఎవరెత్తితే వాళ్ళని అడుగుతా."

"వద్దు పాపా, నేనే అడుగుతా" అన్నాడు పాపయ్య. ఈసారి నిజంగానే అన్నాడు.

సంకటి తిని, చెయ్యి కడుక్కుని, బ్లేడు తీసుకున్నాడు. చెప్పిన పని చేసి అడిగితే అడగడానికి ఒక హక్కున్నట్టు ఉంటుందని ఆయన లెక్క. ఎడమ వైపు నుంచి మొదలుపెట్టాడు. ఎండకు బిగుసుకుపోయిన స్టిక్కరు పొట్టు పొట్టుగా రాలుతోంది. గీకుతూనే పెదవులు కదుపుతున్నాడు. "అప్పా, ఆ సిమ్ము పారేసేదే గదా, నాకియ్యప్పా." బాగాలేదు. "హేమంతా, ఒక మాట." అదీ బాగాలేదు. పద్మావతి అయితే ఎలా అడిగేదో గుర్తు తెచ్చుకున్నాడు. ఆమె ముందు కుశలం అడిగేది, తర్వాత నవ్వేది, తర్వాత పని చెప్పేది.

సగం అంకెలు పోయేసరికి ఎడమ భుజం గుంజింది. పొద్దున బాక్సు దింపినప్పుడు పట్టేసిందనుకున్నాడు. బ్లేడు స్టూలు మీద పెట్టి, షాపు వెనక గోనెసంచుల మీద నడుం వాల్చాడు. హేమంత్ రాగానే అడగాలి, మళ్ళీ మరిచిపోతే లాభం లేదు అనుకుంటూ కళ్ళు మూసుకున్నాడు.

సాయంత్రం గంగన్న టీ తెచ్చి, "అన్నా, లెయ్యి, చల్లారిపోతాది" అన్నాడు. రెండోసారి పిలిచాడు. మూడోసారి భుజం మీద చెయ్యి వేసి, టీ గ్లాసు కింద పెట్టేశాడు. పక్క వీధి క్లినిక్కు డాక్టరు వచ్చి చెయ్యి పట్టుకుని చూసి, అయిపోయి చాలాసేపయింది అన్నాడు.

హేమంత్‌కుమార్ కొత్త స్టిక్కర్ల చుట్ట చేత్తో పట్టుకునే వచ్చాడు. వంగి పాపయ్య మొహం చూశాడు. చిన్నప్పుడు తనను సైకిలు మీద బడికి దింపిన మనిషి. గట్టిగా ముక్కు తుడుచుకుని, షాపు నడిపేవాడు కనక, అడగాల్సింది అడిగాడు.

"ఎవురన్నా రావల్లనా?"

"ఎవురుండారు?" అన్నాడు గంగన్న. "పద్మావతక్క పాయె. ఆనేకల్‌లో కూడా అయినోళ్ళు ఎవురూ లేరు."

"అట్లయితే చీకటి పడకముందే ఎత్తుదాము. బాక్సు ఎందుకు, ఊరికే."

గంగన్న తలూపి వెదురు బొంగుల కోసం లోపలికి వెళ్ళాడు. అప్పుడే షాపు ఫోను మోగింది. హేమంత్ విసుగ్గా చూసి, మళ్ళీ ఎవడో సినిమావాడే అనుకుంటూ ఎత్తాడు.

"పాపయ్యగారున్నారా?" ఆడపిల్ల గొంతు. "సిమ్ సంగతి అడిగారా మిమ్మల్ని?"

ఏ సిమ్మో హేమంత్‌కు తెలియలేదు. ఆయనింక లేడు, మధ్యాహ్నం పోయినాడు, ఇప్పుడే ఎత్తేస్తుండాము అని చెప్పాడు. అవతల ఏడుపు వస్తుందనుకున్నాడు. రాలేదు. బ్యాగు జిప్పు లాగిన చప్పుడు, మెట్లు దిగుతున్న చెప్పుల చప్పుడు వినిపించాయి.

"నేను రావాలి" అంది దివ్య. "మారతహళ్ళి నుంచి రావాలి. ఇప్పుడు ట్రాఫిక్ ఉంటుంది, ఎంతసేపవుతుందో తెలీదు. నేనొచ్చేదాకా ఉంచండి."

"మీరు ఆయనకు ఏమైతారమ్మా?"

"ఉంచుతానన్నారు ఆయన" అంది ఆమె. "ఉంచండి, ప్లీజ్."

ఉంచుతామమ్మా అన్నాడు హేమంత్‌కుమార్. ఫోను జేబులో పెట్టుకుని, బొంగులతో వచ్చిన గంగన్నను ఆపాడు. కొత్త స్టిక్కర్ల చుట్టను షాపు మూలకు విసిరేసి, తనే బాక్సును తోసుకొచ్చాడు. ఇద్దరూ కలిసి పాపయ్యను పడుకోబెట్టారు. గంగన్న వైరు విప్పి, ఎవరి కాలికీ తగలకుండా గోడ వారగా లాగి, ప్లగ్గు పెట్టాడు. బాక్సు ఒకసారి వణికి సన్నగా మోగడం మొదలుపెట్టింది.

ఫ్యాక్టరీ బస్సులు దిగిన జనం సందులోంచి ఇళ్ళకు పోతున్నారు. అద్దం పక్కన సగం గీకిన ఎర్రటి నంబరు మిగిలి ఉంది. మొహం పైన, పొద్దున పాపయ్య తుడిచిపెట్టిన అద్దం మీద ఇంకా ఎవరి చెయ్యీ పడలేదు.