ఈశ్వరమ్మకు మూడో ఏడు

హేమచంద్ర గారు సోఫాలో కూర్చున్న తీరు చూడగానే సుధామయికి ఒళ్ళు మండింది. వెనక్కి వాలి, కాళ్ళు చాపి, ఉప్మా ప్లేటు పొట్ట మీద ఆనించుకుని, అచ్చం మగపెళ్ళివారి కూర్చోవడమే. పక్కన ఆయన భార్య కాంతం ఆంటీ, చలికోటు కూడా విప్పకుండా, వీధి తలుపుకి దగ్గరగా. ఆవిడకి పామంటే భయం. ఆ మాట కూడా నోటితో అనదు. "పురుగు" అంటుంది.

"ఏదమ్మా మీ పిల్ల? తీసుకురా, చూస్తాం," అన్నాడాయన.

పిల్లంటే ఈశ్వరమ్మ. సుధామయి పెంచుకుంటున్న బాల్ పైథాన్. మన కొండచిలువకి దూరపు చుట్టం, కానీ చిన్నది, భయమేస్తే తల లోపలికి దూర్చుకుని బంతిలా ముడుచుకుపోయే సాధుప్రాణి. చాక్లెట్ రంగు ఒంటి మీద బెల్లంపాకం మచ్చలు. శివుడి మెడలో ఉండాల్సింది నా మెడలో ఉంది గనక ఈశ్వరమ్మ అని పేరు పెట్టానంటుంది సుధామయి.

వాళ్ళ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి సుధామయి. తను తప్పు చేస్తే దిద్దేవాళ్ళు ఇంట్లో ఎవరూ ఉండరని చిన్నప్పుడే తెలిసిపోయింది. అందుకే ఏ పనైనా ముందు చదివి, పదిమందిని అడిగి, సరిచూసుకుని గానీ మొదలుపెట్టదు. ఈశ్వరమ్మని ఇంటికి తేవడానికి ముందు, కెనడాలో తాముంటున్న కాల్గరీలో పాముల డాక్టర్ ఎక్కడుందో కనుక్కుని, ఆవిడ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుని, ఆ తర్వాతే పాముని కొన్నది.

హేమచంద్ర గారికి అలాంటి బాధలేవీ లేవు. పైప్‌లైన్ కంపెనీలో పెద్ద ఇంజినీరుగా చేసి రిటైరయ్యాడు. రిటైరైన మర్నాటి నుంచీ ఆయనకి తెలియని విషయమంటూ లోకంలో లేకుండా పోయింది. మొదట మరుగుజ్జు చెట్లు పెంచాడు, అవి ఎండిపోయాయి. తర్వాత తేనెటీగలు పెంచాడు, అవి లేచిపోయాయి. ఇప్పుడు పాములు. పసుపూ తెలుపూ కలిసిన అరుదైన రకం పామొకటి కొని, చక్రవర్తి అని పేరు పెట్టి, దాని ఫొటోలు తెలుగు అసోసియేషన్ గ్రూపులో రోజూ పెడుతున్నాడు. వచ్చే దసరా ఫంక్షన్‌లో చక్రవర్తి పిల్లల్ని అద్దాల పెట్టెలో ప్రదర్శించాలని ఆయన కోరిక. దానికొక ఆడపాము కావాలి. ఆడపాము సుధామయి ఇంట్లో ఉంది. సుధామయి మొగుడు ప్రజ్వల్‌కి ఇప్పుడున్న ఉద్యోగం హేమచంద్ర గారి మాట సాయంతో వచ్చింది. ఇంక అడ్డేముంది?

సుధామయి ఈశ్వరమ్మని చేతులకి చుట్టుకుని తీసుకొచ్చింది. ఆంటీ రెండు కాళ్ళూ సోఫా మీదికి లాక్కుంది.

"ఒళ్ళు చేసింది," అన్నాడాయన, ముట్టుకోకుండానే. "నిగారింపు కూడా వచ్చింది చూడవోయ్ ప్రజ్వల్. తిండి ఎలా తింటోంది?"

"ఈ మధ్య సరిగా ముట్టట్లేదంకుల్," అన్నాడు ప్రజ్వల్.

"ఇంకేం! తిండి సయించట్లేదు, ఒళ్ళు మెరుస్తోంది. పిల్ల సిద్ధం. నేను చూస్తే చెప్పేస్తాను."

"మొన్ననే కుబుసం విడిచిందంకుల్," అంది సుధామయి. "విడిచే ముందు ఏ పామూ తినదు. విడిచాక ఏ పామైనా మెరుస్తుంది."

"అదే కదా నేనూ అంటున్నది."

అది కాదు ఆయన అంటున్నది. అయినా సుధామయి ఓపిక పట్టింది. ఇంటికొచ్చిన పెద్దమనిషి. "ఆడపాము సిద్ధమైతే వెనక సగం బరువెక్కుతుందంకుల్. వెచ్చటి చోటు వదిలేసి చల్లటి మూలకి పోతుంది. నీళ్ళ గిన్నె చుట్టూ చుట్టుకుని పడుకుంటుంది, పొట్ట ఒక పక్కకి తిప్పేసి. చేతిలోంచి మెల్లగా జారనిస్తే కడుపులో గోలీల్లాంటివి వేళ్ళకి తగులుతాయి. దీనికి ఇవేవీ లేవు. పైగా ఇంకా కేజీన్నరకి రాలేదు."

హేమచంద్ర గారు పొట్ట మీద ప్లేటు ఎగిరేలా నవ్వాడు. "విన్నావా కాంతం! పిల్లని తూకం వేసి పెళ్ళి చేస్తారట!"

"వెయ్యకుండా చేస్తే గుడ్లు లోపలే ఇరుక్కుని చచ్చిపోవచ్చు," అంది సుధామయి. నవ్వలేదు.

"అబ్బ, వయసొచ్చాక ఏమీ కాదమ్మా. మూడేళ్ళు నిండాయని ప్రజ్వల్ ఎప్పుడో చెప్పాడుగా. ఆ మాట మీదే కదా నేను వచ్చింది."

సుధామయి మొగుడి వైపు తిరిగింది. "మూడేళ్ళని నీకెవరు చెప్పారు?"

"నువ్వే! మీ అమ్మతో ఫోన్‌లో అన్నావుగా, మా ఈశ్వరమ్మకి మూడో ఏడు అని."

"మూడో ఏడంటే రెండు నిండి మూడోది నడుస్తోందని."

"రెండూ ఒకటే కదా సుధా," అన్నాడు ప్రజ్వల్, హైదరాబాద్‌లో ఏసీ స్కూల్లో చదువుకున్న ధీమాతో.

ఒకటే! వీడికి ఏడాదంటే సబ్‌స్క్రిప్షన్ రెన్యూ అయ్యే తేదీ. అంతకు మించి తెలియదు. తన పామును తనని అడక్కుండా, తన మాటనే తప్పుగా మోసుకెళ్ళి, ఈ మహానుభావుడికి మాటిచ్చొచ్చాడు. ఇద్దరిలో ఎవరిని ఎక్కువ అసహ్యించుకోవాలో సుధామయికి తేలలేదు.

తేలేలోపే హేమచంద్ర గారు లేచి బయటికెళ్ళి, కారులోంచి ప్లాస్టిక్ డబ్బా మోసుకొచ్చాడు. దాన్ని ముందు సీటులో, సీట్ హీటర్ మీద పెట్టి, బెల్టు కూడా పెట్టి తెచ్చాడట. "మేం రేపు మెక్సికో వెళ్తున్నాం. వచ్చేదాకా మావాడు మీ ఇంట్లో ఉంటాడు. అల్లుడనుకోండి." మూత తీసి చూపించాడు. "చూశావా ఆ కండ! రెండు కేజీల పైనే. మగాడంటే అలా ఉండాలి. ఎలుకని ముట్టి ఎన్నాళ్ళయిందో. ప్రేమ జ్వరం!"

మగవి ఇంత లావు పెరగవే అనుకుంది సుధామయి. మగవి జతకట్టే రోజుల్లో తిండి మానేస్తాయన్నది మాత్రం నిజమే. ఈయన నోట ఒక్క నిజమైనా వచ్చిందని ఊరుకుంది.

వాళ్ళు వెళ్ళాక చక్రవర్తిని వాషింగ్ మెషీన్ ఉన్న గదిలో పెట్టి తలుపేసింది. కొత్త పాముని పాత పాము ఉన్న గదిలోకే తేకూడదు, రోగాలంటుకుంటాయి. "ఆ తలుపు తీశావంటే చూడు," అని ప్రజ్వల్‌తో చెప్పింది.

"ఆయనకేం చెప్పను మరి?"

"నోరుందిగా. లేదని చెప్పు."

"ఒక్కసారి పెట్టి చూస్తే ఏం పోతుంది? వాటికిష్టం లేకపోతే అవే ఊరుకుంటాయి."

"పోయేది నీది కాదు గనక ఏం పోతుందని అడుగుతున్నావు," అంది సుధామయి. ఆ తర్వాత రెండు రోజులు వాళ్ళింట్లో మాటలు వంటకి, చెత్తడబ్బాలకి సంబంధించినవే.

మూడో రోజు చలి మరీ ముదిరి, మధ్యాహ్నం దాటగానే ఆఫీసు వాళ్ళు ఇళ్ళకి పొమ్మన్నారు. ఊళ్ళో తిరిగే సీట్రెయిన్ దిగి, కనురెప్పల మీద మంచు పేరుకుంటుంటే పరుగులాంటి నడకతో ఇల్లు చేరి తలుపు తీసేసరికి, హాల్లోంచి హేమచంద్ర గారి గొంతు వినపడింది.

"ఇవాళ పంచమి. దివ్యమైన రోజు. కొంచెం కుడివైపు తిప్పవోయ్, వెలుగు పడట్లేదు."

ప్రజ్వల్ ఈశ్వరమ్మ అద్దాల పెట్టె ముందు ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. ఫోన్‌లో హేమచంద్ర గారు, గడ్డి టోపీ, పూలచొక్కా, వెనకాల సముద్రం. పెట్టెలో రెండు పాములు.

సుధామయి బూట్లు కూడా విప్పలేదు. కార్పెట్ మీద మంచు రాలుస్తూ నేరుగా వచ్చి మోకాళ్ళ మీద కూలబడింది. ఈశ్వరమ్మ పెట్టెలో వెచ్చటి వైపు, తన గూట్లో, తల ముక్కు దాకా మాత్రం బయటపెట్టి ఉంది. ఎప్పటిలాగే ఉంది. చక్రవర్తి దాని వంక కూడా చూడలేదు. అవతలి మూలకి పోయాడు.

"చూడమ్మా, ఏమీ కాలేదు," అన్నాడు ఫోన్‌లోంచి హేమచంద్ర గారు. "మావాడు మర్యాదస్తుడు. ముందు మంచినీళ్ళు తాగుతున్నాడు."

సుధామయి అటు చూసింది. చక్రవర్తి మంచినీళ్ళు తాగట్లేదు. చల్లటి మూలలో నీళ్ళ గిన్నె చుట్టూ చుట్టుకుని పడుకున్నాడు. మెడ దగ్గర సన్నగా, వెనక సగం దిండులా. తెల్లటి పొట్ట సగం పైకి తిరిగి ఉంది.

ఆ రోజు సోఫాలో కూర్చున్న ఈ పెద్దమనిషికి తను ఒక్కొక్కటే అప్పజెప్పిన లక్షణాలన్నీ అక్కడున్నాయి. తప్పు పాము మీద ఉన్నాయి, అంతే.

ఆమె చేయి పెట్టి చక్రవర్తిని ఎత్తింది. వేళ్ళ మధ్యలోంచి మెల్లగా జారనిచ్చింది. ఒంటి వెనక భాగంలో ఒకటి తగిలింది. దాని వెనక ఇంకొకటి. ఆ వెనక వరసగా.

"అంకుల్, మీరు కూర్చునే ఉన్నారా?"

"కూర్చునే ఉన్నానమ్మా, ఏం?"

"మీ చక్రవర్తి మగపిల్లాడు కాదు. ఆడపిల్ల. పైగా సిద్ధంగా ఉంది."

ఫోన్‌లో సముద్రం హోరుని మించి ఎవరో పగలబడి నవ్వారు. కాంతం ఆంటీ.

"నాన్సెన్స్," అన్నాడు హేమచంద్ర గారు. "ఆ ఒడ్డూ పొడుగూ చూసి కూడా..."

"ఆడవే పెద్దగా పెరుగుతాయంకుల్."

"అమ్మినవాడు మగదన్నాడు!"

"మీరు ఎవరికైనా చూపించారా?"

"చూపించడమెందుకు? చూస్తే తెలియట్లా?"

"తెలుస్తోందంకుల్," అంది సుధామయి. "మీరే చెప్పారుగా, తిండి సయించట్లేదని."

ప్రజ్వల్ ఫోన్‌ని నెమ్మదిగా తన ఛాతీకి ఆనించుకున్నాడు, వినపడకూడదని. "సుధా, నిజంగానా?"

అతని మొహంలో భయం కన్నా ఊరట ఎక్కువ కనపడింది. మాట తప్పక్కర్లేకుండా గండం గడిచిందన్న ఊరట. అది చూసి సుధామయికి ఉన్న కాస్త జాలీ పోయింది. రెండూ ఆడవి కాబట్టి ఈశ్వరమ్మ బతికింది. వీడు అడ్డుపడ్డందుకు కాదు.

మర్నాడు చక్రవర్తిని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది. తన ఇంట్లో ఉన్న ప్రాణి తిండి తినకపోతే, అది ఎవరిదైనా, చూపించడం బాధ్యత అనుకుంది. డాక్టర్ కడుపు మీద స్కాన్ పెట్టి, తెర సుధామయి వైపు తిప్పి చూపించింది. నల్లటి గోలీలు, దండ గుచ్చినట్టు. మగపాము తోడు లేకపోయినా కొన్నిటికి ఇలా కడుపు నిండుతుందని, పనికిరాని గుడ్లైనా పెడుతుందని, ఇప్పటినుంచీ జాగ్రత్తగా చూసుకోమని చెప్పింది. "ఇన్నాళ్ళూ మగదనుకున్నారా?" అని అడిగింది. సుధామయి తన తరఫున కాకపోయినా సిగ్గుతో తల దించుకుంది.

వారం తిరక్కముందే హేమచంద్ర గారు వచ్చాడు. ఎండకి కమిలిన మొహం, ముక్కు మీద తోలు ఊడుతోంది. ఈసారి సోఫా అంచున కూర్చున్నాడు, ఎప్పుడైనా లేవమంటారేమో అన్నట్టు. ఆడపిల్ల తండ్రి కూర్చోవడం. ప్రజ్వల్ కాఫీ పెట్టి తెచ్చాడు. స్కాన్ ఫొటోని ఆయన దగ్గరగా, దూరంగా, తలకిందులుగా పెట్టి చూశాడు.

"డాక్టర్లు కూడా పొరబడతారు," అన్నాడు చివరికి.

"పోనీ గుడ్లు పెట్టేదాకా ఆగండి," అంది కాంతం ఆంటీ తలుపు దగ్గర్నుంచి. "అప్పుడు కోడిపెట్ట అనుకుంటారేమో. ఈయనకి ఇంట్లో ఎవరు ఏమిటో ఎప్పుడు తెలిసింది గనక! ఇంకనైనా ఆ పురుగుని చక్రమ్మ అని పిలవండి."

ఆయన వినపడనట్టు గొంతు తగ్గించాడు. "అసోసియేషన్‌లో ఎవరికీ చెప్పొద్దమ్మా."

సుధామయి చలికోట్లు తగిలించిన మేకు వైపు చూస్తూ కూర్చుంది.

"మరి దీనికిప్పుడు మగదాన్ని చూడాలి కదా," అన్నాడాయన, ఉత్సాహం ఒక్కో చుక్కే తిరిగొస్తుంటే. "సిద్ధంగా ఉందంటున్నావు. దసరాకి ఇంకా టైముంది. నాదొక సందేహం. మీ ఈశ్వరమ్మ... ఏమో, చెప్పలేం... అది మగదయ్యే అవకాశం ఏమన్నా ఉందా?"

సుధామయి ఆయన వంక చూసింది. ఎండిపోయిన మరుగుజ్జు చెట్లు, లేచిపోయిన తేనెటీగలు, ఇప్పుడీ చక్రమ్మ. ఈ మనిషి చేతిలో పడ్డ ప్రాణికి పారిపోవడమొక్కటే దారి. తేనెటీగలకే ఎక్కువ తెలివి.

"లేదంకుల్. తెచ్చుకున్న వారంలోనే పరీక్ష చేయించాను."

"పోనీ, ఆడదే అనుకో. చక్రవర్తికి... చక్రమ్మకి మగదాన్ని ఎక్కణ్ణుంచైనా తెస్తాను. తెచ్చినవాణ్ణి మీ ఈశ్వరమ్మకి కూడా ఒకసారి చూపించొచ్చు. దానికీ వయసొచ్చింది కదా. ఎన్నేళ్ళన్నావోయ్ ప్రజ్వల్?"

ప్రజ్వల్ కాఫీ కప్పు కింద పెట్టాడు. సుధామయి వైపు ఒకసారి చూసి, మళ్ళీ కప్పు వైపు చూశాడు.

"రెండు నిండాయంకుల్," అన్నాడు. "మూడోది నడుస్తోంది. ఇవ్వం."

"ఇవ్వం అంటే? ఇప్పుడా, ఎప్పుడూనా?"

"అది సుధనడగాలి. పాము తనది."

ఆంటీ అప్పటికే తలుపు తీసేసింది. చలి హాల్లోకి దూసుకొచ్చింది. "రండి, రండి, మీ ఆడపిల్లకి చలేస్తోంది," అని ఆవిడ కేకేస్తే, ఆయన డబ్బా గుండెకి హత్తుకుని, కారు దాకా మంచులో అడుగు చూసుకుంటూ వెళ్ళాడు. డబ్బాని ముందు సీటులో పెట్టి బెల్టు పెట్టడం కిటికీలోంచి కనిపించింది. ఆంటీ వెనక సీటులో కూర్చుంది.

సుధామయి ప్రజ్వల్‌ని మెచ్చుకోలేదు. చెప్పాల్సిన మాట చెప్పడానికి ఒక మనిషికి ఇన్ని రోజులు పట్టిందంటే మెచ్చుకోవడానికేముంది? బల్ల మీద రెండు కప్పులున్నాయి. ఆయన తాగినది సింక్‌లో పడేసింది. ప్రజ్వల్ కప్పు మాత్రం తీసుకెళ్ళి, మళ్ళీ కాఫీ నింపి తెచ్చి అతని ముందు పెట్టింది.

తర్వాత వెళ్ళి ఈశ్వరమ్మ పెట్టెలో నీళ్ళు మార్చింది. గిన్నె చుట్టూ ఎవరూ లేరు.