ఇరువై నాలుగు కిలోలు

రేణుక ఇరువై నాలుగు కిలోలైందని వాట్సాప్ గ్రూపుల పడ్డ దినం నేను అన్నం తినలే. తినబుద్ధి కాలే. నా ఉష మూడు నెలల సంది పద్దెనిమిదిన్నర మీదనే కూసున్నది. ఇద్దరికీ తొమ్మిదేండ్లే, ఇద్దరిదీ ఒక్కటే రోగం. రేణుకకు పట్టే కండ నా బిడ్డకెందుకు పట్టది? నిజం చెప్తున్న, కండ్లల్ల నిప్పులు పోసుకున్న. ఇప్పుడు దాచిపెట్టుకుంటె నాకొచ్చేదేంది.

రోగం పేరు సిస్టిక్ ఫైబ్రోసిస్. మొదట్ల నాకు నోరు తిరగకపోయేది. ఊపిరితిత్తులల్ల తెమడ బంక లెక్క పేరుకపోతది, తిన్నది ఒంటికి పట్టది, చెమట ఉప్పుప్పగ ఉంటది. ఉష చిన్నగున్నప్పుడు ముద్దు పెట్టుకుంటె పెదాలకు ఉప్పు తగిలేది. మా అత్త దుర్గవ్వ నవ్వేది, ఉప్పుల ఊరేసిన పిల్లను కన్నవేందే అని. ఐదేండ్లు వచ్చేదాక ఒకడు నిమోనియా అన్నడు, ఒకడు టీబీ అన్నడు, ఇంకొకడు కడుపుల పురుగులన్నడు. అసలు పేరు తెల్సేసరికి పిల్ల పుల్ల లెక్కైంది. మా ఆయన భివండిల బట్ట నేసే సాంచాలు నడుపుతడు. పిల్ల బాధ్యతంత నాదే.

నాసొంటి తల్లుల కోసం ఊపిరి సంఘం పెట్టింది నవతక్క. సిద్దిపేట బస్టాండు కాడ ఆమెకు జిరాక్స్ దుకాణమున్నది. ఆమె కొడుకు పదకొండేండ్లకు గిదే రోగంతోని పోయిండు. పోయినంక ఆమె ఇంట్ల కూసొని ఏడ్వలే. ఫైలు చంకల పెట్టుకొని రెండేండ్లు తిరిగి తిరిగి, ఇక్కడి ఒక ట్రస్టు దవాఖానోళ్లను ఒప్పిచ్చింది. నెలల మొదటి గురువారం ఒక రూము, హైదరాబాదు నుంచి ఒక డాక్టరమ్మ, ఊదుడు మిషిను, తూకం, తెమడ ఊడేటట్టు వీపు తట్టుడు నేర్పే అమ్మాయి. అంతకు ముందు మాకు హైదరాబాదే దిక్కు. పొద్దుగాల బస్సెక్కితె పొద్దుమూకినంక ఇల్లు. ఆ రద్దీకి, ఆ దుమ్ముకు ఉష రెండు దినాలు మంచం దిగకపోయేది. నేనైతే ఒక్కటే అంట, గురువారం లేకుంటె నా బిడ్డ లేదు.

గురువారానికొక కట్టడి ఉన్నది. గీ రోగమున్న పిల్లలు ఒకరి దగ్గరికొకరు రావద్దు. మనసొంటోళ్లకు ఏం చెయ్యని పురుగు వీళ్ల ఊపిరితిత్తులల్ల జొరబడి తిష్ఠ వేస్తది, ఒకరి దగ్గు నుంచి ఇంకొకరికి పోతది. తెమడ పచ్చగైతది కాబట్టి మేం దాన్ని పచ్చ పురుగు అంటం. అందుకే ఒక్కొక్క పిల్లకు గంటన్నర తేడాతోని టైము. నడుమల ఆయమ్మ చంద్రవ్వ వచ్చి మంచం, కుర్చీ, తలుపు గొళ్లెం దాక మందు పెట్టి తుడుస్తది. మేం ఏడుగురం తల్లులం. ఒకరి ముఖం ఒకరం చూసింది లేదు, ఫోన్ల గొంతులే ఎరుక. దవాఖానోళ్లు ఆర్నెల్లు నడిపి చూస్తమన్నరు. మా రూముల ఒక పిల్ల నుంచి ఇంకో పిల్లకు పురుగంటితె బంద్ చేస్తమని ముందే చెప్పిన్రు.

గురువారం అయినంక ఎవలి పిల్ల బరువెంత, ఎంత ఊదింది, గ్రూపుల పెట్టాలె. దవాఖానోళ్లకు చూపెట్టి ఇంకో అరదినం అడుగుతందుకు పనికొస్తదని నవతక్క పెట్టిన పద్ధతి. మంచి పద్ధతే. నా పానం తీసింది మాత్రం గదే.

రేణుక తల్లి స్వరాజ్యం. నంగునూరోళ్లు, పత్తి పెడ్తరు. సంఘంల కొత్తగ చేరినప్పుడు ఆమెకు ఫోన్ల ఏడ్సుడే పని. వనజక్కా గోలీ మింగుతలేదు, వనజక్కా వీపెట్ల తట్టాలె. నేను బీడీలు చేసేదాన్ని. చాట పక్కకు పెట్టి, గంటలు గంటలు నేనే నేర్పిన. చెయ్యి దొప్ప లెక్క వంచాలె, పావుగంట తట్టాలె, దినానికి మూడు మాట్లు తట్టాలె, తిన్నది అరిగేటందుకు ఎంజైము గోలీ తిండికి ముందే వెయ్యాలె, అన్నీ నా నోట విన్నయే.

గిప్పుడో? గ్రూపుల ఎవలేమడిగినా స్వరాజ్యాన్ని అడుగుండ్రి అంటరు. ఆమె గొంతు రికార్డు చేసి పెడితె దండాలు, పూలు, ఎర్ర గుండెలు. నేను పెడితె ఒక బొటనవేలు, అదీ మూడు గంటలకు. ఇది చాలదన్నట్టు, దవాఖాన మీటింగుల తల్లుల తరఫున కూసునేటందుకు నవతక్క స్వరాజ్యం పేరే ఇచ్చింది. నాకు ఫోన్ చేసి, రేణుక మంచిగ కోలుకున్నది కద వనజా, చూస్తె డాక్టర్లకు నమ్మకమొస్తది అన్నది. సంఘంల మొట్టమొదటి పేరు నాది. నా బిడ్డ బక్కగున్నదని నేను పనికి రాకుంట పోయిన్నా? మంచిదక్కా అని ఫోన్ పెట్టేసిన. ఆ దినం నేను చుట్టిన బీడీలల్ల సగం వంకరపోయినయ్.

అబద్ధం చెప్తున్నదనుకున్న. చెప్పులతోని, స్వెటర్‌తోని తూకమెక్కిస్తున్నదేమో. లేకుంటె డాక్టరమ్మ ఆమెకు చాటుకు ఏదో మంచి మందిస్తున్నదేమో. నా కండ్లతోని చూస్తె గాని నిదుర పట్టదనిపించింది.

తర్వాతి గురువారం స్వరాజ్యానికి తొమ్మిది గంటలు, నాకు పన్నెండు. మా అత్త చుట్టాలింట్ల చావు దినాలకని తొగుటకు పోయింది. ఉషను ఒక్కదాన్ని ఇంట్ల వదిలిపెట్టలేను. దూరంకెల్లి చూసి వస్తం, అంతే కద అని మాస్కు కట్టి తొమ్మిదింటికే తోలుకపోయిన. రూము బయట రేకుల కింద బల్ల మీద, ఏ కంటి దవాఖానకో వచ్చినోళ్ల లెక్క కూసున్నం.

వాళ్లు బయటికొచ్చిన్రు. నేననుకున్న మనిషి కాదు స్వరాజ్యం. నల్లగ, సన్నగ, పత్తి ఏరి ఏరి చేతులు కాయలు కాసినయ్. పిల్ల మాత్రం, అబ్బా, బుగ్గలున్నయ్. ఆమె అటు ఇటు చూసి నా దగ్గరికే వచ్చింది.

"అక్కా, మందుల కాడ మస్తు లైనున్నది. ఆ గుంపులకు పిల్లను తీస్కపోవద్దు. జర చూస్తుంటవా?"

నోరు తెరిస్తె గొంతు గుర్తుపడ్తదని తల ఊపిన. ఆమె ఉష మాస్కు చూసి పిల్లకేమైందని అడిగింది. దవడ మీద చెయ్యి పెట్టి చూపిచ్చిన, పన్ను నొప్పన్నట్టు. అయ్యో అనుకుంట పోయింది.

ఆమె మూల తిరిగిందో లేదో, దా బిడ్డా అని రేణుక చంకలల్ల చేతులు పెట్టి పైకి లేపిన. చెప్పులు లేకుంటనే లేపిన. బరువే. ఉష లేసినట్టు తేలిగ్గ లేవలే, నా నడుము పట్టింది. తూకం అబద్ధం చెప్పలే. పిల్లను దించి, గోడకు ఆనుకొని అట్లనే నిలవడ్డ.

నేనట్లుండంగనే రేణుక సంచిలకెల్లి సీతాఫలం తీసింది. ముందుగాల గోలీ మింగింది. ఉష కండ్లు పెద్దగ చేసుకొని, నువ్వు గూడ మింగుతవా అని మాస్కు గుంజేసింది. తన గోలీ తనూ మింగింది. తనసొంటి పిల్లను నా బిడ్డ పుట్టినంక చూసుడు అదే మొదలు. ఒక్క పండు, రెండు నోర్లు. ఈమె కొరికిన ముక్క ఆమె నోట్ల, ఆమెది ఈమె నోట్ల. గింజలు ఎవలు దూరం ఊస్తరో అని పందెం. ఇద్దరు నవ్విన్రు, ఇద్దరికీ దగ్గొచ్చింది. ఒక్కటే తీరు దగ్గు.

నేను చూసిన. చూసి ఊకున్న. ఉష తింటున్నది, బతిలాడకుంట, తిట్టకుంట, అడిగి తింటున్నది. అది ఒకటి. ఇంకోటి గూడ చెప్తె గాని నా మనసు తేలికపడది. ఆ బుగ్గల పిల్లకు ఏమైతదిలే అనుకున్న.

స్వరాజ్యం వస్తుండంగ చూసి ఉష రెక్క పట్టుకొని గుంజుకపోయిన. నీ పేరేంది అని రేణుక వెనుకకెల్లి కేకేసింది. ఉష తిరగబోతె తిరగనియ్యలే.

పదిరోజులకు నా ఫోనుకు రిపోర్టొచ్చింది. అంతకు ముందు నెల ఇచ్చిన ఉష తెమడల పచ్చ పురుగున్నది. అంటె సీతాఫలం తిన్ననాటికే ఉన్నది. గ్రూపుల పెట్టలే. డాక్టరమ్మ రాసిన మందు మాత్రం మొదలుపెట్టిన.

నెల తిరిగి మల్లొక గురువారానికి రేణుక దగ్గుతున్నదన్నరు. తెమడ పరీక్షకు పంపిన్రు. రిపోర్టొచ్చిన దినం స్వరాజ్యం గొంతు గ్రూపుల పడ్డది. పురుగంటింది, మూడు కిలోలు పడిపోయింది, ఇరువై ఒకటికి వచ్చింది, నా బిడ్డ ఇంటికెల్లి కదలది కద, ఎట్ల అంటిందక్కా అని ఏడుస్తున్నది. ఇరువై ఒకటి అన్నది వినంగనే, ఒక్క లిప్త, నా కడుపుల చల్లగైంది. థూ నా బతుకు. ఆ చల్లదనం గుర్తొస్తె ఇప్పటికీ నా మీద నాకే అసయ్యం.

ఆ తర్వాత అంత గడబిడ. దవాఖానోళ్లు చంద్రవ్వ సరిగ తుడవలేదన్నరు, ఆమెను పనిల నుంచి తీసేస్తమన్నరు. ముందే చెప్పినం కద, గురువారం బంద్ అన్నరు. స్వరాజ్యం చంద్రవ్వ మీద దరఖాస్తు రాసింది. నవతక్క ఇటు చెప్పలేక అటు చెప్పలేక నలిగింది. సోమవారం మీటింగు పెట్టిన్రు.

నేను ఊకుంటె ఎవలకూ తెల్వదు. కాని గురువారం పోతది, ఉషను ఎత్తుకొని మళ్ల హైదరాబాదు బస్సులల్ల తిరగాలె. చెప్తె గురువారం ఉంటదేమో, ఉషను మాత్రం ఉంచుతరో, ఎల్లగొడ్తరో. రెండు దినాలు కొట్టుకున్న. ఆఖరికి ఉష రిపోర్టు కొంగుల కట్టుకొని పోయిన.

రూముల దవాఖాన పెద్దసారు, డాక్టరమ్మ, నవతక్క, స్వరాజ్యం. చంద్రవ్వ తలుపు కాడ చేతులు కట్టుకొని నిలవడ్డది. నేను కూసోలే.

"ఈ రూముల అంటలేదు సారూ. నా బిడ్డతోని అంటింది. నేనే అంటిచ్చిన."

గొంతు వినంగనే స్వరాజ్యం తల తిప్పింది. తర్వాత ముఖం చూసింది. ఫోన్ల అక్క, బల్ల మీది ఆడమనిషి ఒక్కరే అని ఆమెకు సమజైతుండంగ నేను చూసిన. రిపోర్టు బల్ల మీద పెట్టి తారీకు చూపిచ్చిన. ఎందుకు పోయిన్నో, పిల్లనెందుకు లేపి చూసిన్నో, పండు తినంగ ఎందుకు ఊకున్ననో, ఒక్కటి దాచకుంట చెప్పిన. నవతక్క తల వంచుకున్నది. చంద్రవ్వ అక్కడ్నే కింద కూలవడి కొంగు నోట్ల కుక్కుకున్నది.

స్వరాజ్యం కొడ్తదనుకున్న. కొడితె మంచిగుండు. ఆమె మెల్లగ అడిగింది.

"నా తాన వేరే మందేం లేదు వనజక్కా. నువ్వు ఫోన్ల చెప్పిందే నోటుబుక్కుల రాసుకున్న. మూడు మాట్లు తట్టుమన్నవు, తట్టిన. ఒక్క పూట ఇడువలే. నువ్వు తట్టలేదా?"

కార్ఖానాకు బీడీలప్పజెప్పే ఏళ దాటుతదని పగటి పూట తట్టుడు ఎన్నడో బంద్ పెట్టిన. పొద్దుగాల ఉష వద్దమ్మా అంటె, సరే తియ్ అన్న. ఊరందరికీ చెప్పిన నేను నా ఇంట్ల ఒక్క పూట తట్టుకుంట, స్వరాజ్యం బిడ్డ ఎందుకు బలిసిందని నిప్పులు పోసుకున్న.

రూము తప్పు లేదని తేలింది కాబట్టి గురువారం నడుస్తదన్నడు పెద్దసారు. చంద్రవ్వ పని చంద్రవ్వకుంటదన్నడు. నా బిడ్డ పేరు కొట్టేస్తనన్నడు. తల్లుల తరఫున నువ్వేమంటవమ్మా అని స్వరాజ్యాన్ని అడిగిండు.

"పిల్ల పేరు ఉండనియ్యుండ్రి సార్. పురుగున్న పిల్లలకు ఆఖరి టైములియ్యుండ్రి. నా బిడ్డ, ఆమె బిడ్డ ఎదురుపడకుంట నడుమ ఇంకింత టైము ఇడువుండ్రి. పిల్లేం చేసింది?" అని ఆగి, నా దిక్కు చూడకుంటనే అన్నది: "ఈమె మాత్రం గేటు లోపటికి రావద్దు. గ్రూపుల గూడ ఉండద్దు."

నవతక్క ఫోన్ తీసి నా ముంగటనే నా పేరు తీసేసింది. వద్దనే హక్కు నాకేడిది.

ఇప్పుడు ఉషను మా అత్త తోలుకపోతది. నేను ఎదురుగ ఉన్న చాయ్ హోటల్ కాడ కూసుంట. దినానికి మూడు మాట్లు తడ్తున్న, బీడీలు తక్కువైతె తక్కువైనయ్. మొన్న అత్త గేటు దాటి వచ్చుకుంటనే ఇరువై అని వేళ్లు చూపిచ్చింది. ఉష ఇరువై కిలోలైంది. సంబురానికి ఏడ్పొచ్చింది. ఆ ఏడ్పుల్నే నోటి దాక ఇంకో మాటొచ్చింది, మరి రేణుక ఎంతున్నదని. అత్తకేమెరుక? గ్రూపు లేదు, అడుగుదమంటె మనిషి లేదు. నంగునూరుకు బస్సులున్నయ్, పోయే ముఖం నాకు లేదు. ఆ పిల్ల మళ్ల ఇరువై నాలుగుకు ఎక్కిందో, ఇంకా దిగిందో నాకు తెల్వది.