మూల కుట్టింది ఎవరు?

ఇన్‌స్పెక్టర్ కొట్టు మెట్టెక్కేసరికి టైలరమ్మ ఎవరి చొక్కాకో కాజాలు కుడుతోంది. పోలీసు గడప తొక్కితే ఎవరికైనా గుండె ఒక్క క్షణం ఆగుతుంది. ఆమెకు రెండు క్షణాలు ఆగింది. ఎందుకంటే కొట్టు వెనక గదిలో, పరదాకు అవతల, ఇరవై ఏళ్ల కూతురు పడుకుని ఉంది. మిట్టమధ్యాహ్నం నిద్రపోయే పిల్ల కాదు అది. రాత్రంతా ఎక్కడికి పోయిందో తల్లి అడగలేదు. అడిగితే చెబుతుందేమోనని భయం.

ఇన్‌స్పెక్టర్ చంకలోని మూట విప్పి బల్ల మీద పరిచాడు. తెల్లగుడ్డ మీద ఎర్రగుడ్డ కత్తిరించి కుట్టిన అక్షరాలు: ‘ఆరేళ్లయింది. ఎన్నికలెప్పుడు?’ పొద్దున్న మునిసిపల్ ఆఫీసు మీద వేలాడింది ఇదే. ఊరికి ఎన్నికలు జరిగి ఆరేళ్లు. పెద్దవాళ్లందరూ ఆ సంగతి మరిచిపోయి హాయిగా ఉన్నారు, కుర్రకారుకే నిద్ర పట్టడం లేదు. కిందటి వారం ఈ ప్రశ్నే గోడ మీద రాసిన ఇద్దరు పిల్లల్ని జీపెక్కించారు. ఒకడు చెయ్యి విరిగి వచ్చాడు. రెండోవాడు ఎక్కడున్నాడో వాళ్లమ్మకు ఇప్పటికీ తెలియదు.

“ఊళ్లో దర్జీలందరి పనీ నీకు తెలుసటగా. ఇది ఎవరి చేతిదో చెప్పమ్మా” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

ఆమె గుడ్డ మూల తిప్పి చూసింది. పై ప్రాణాలు పైనే పోయాయి.

బ్యానర్‌కు ఎవరైనా నాలుగు టాకాలు వేసి వదిలేస్తారు. దీన్ని కుట్టిన మహాతల్లి మాత్రం అంచు రెండు మడతలు పెట్టి, ప్రతి మూలా లోపలికి దోపి, మూడు కుట్లు వేసి నాలుగోది అడ్డంగా బిగించింది. ఎవరూ పెళ్లిబట్టలకు కూడా అంత శ్రద్ధ పెట్టరు. ‘మూల విడిపోతే కుట్టినవాళ్ల పరువు పోతుందే’ అని పదేళ్లుగా చెవినిల్లు కట్టుకుని పోరింది తనే. చెప్పిన మాట ఒక్కటీ వినని కూతురు ఈ ఒక్కటి మాత్రం విని చచ్చింది.

ఆ కుట్టు ఊళ్లో ముగ్గురికే తెలుసు. తనకు, కూతురికి, తనకు పని నేర్పిన మాస్టారికి.

“తెలీదు సార్” అంది.

“తెలీదన్నవాళ్ల ఇళ్లన్నీ సోదా చేస్తున్నాం” అన్నాడతను. అతని చూపు మెల్లగా పరదా మీదికి పోయింది.

“మాస్టారు...” ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. “బజారు చివర ఉంటారు, పెద్దాయన. ఆయన కుట్టులా ఉంది.”

మాస్టారికి ఎనభై దాటాయి. రెండు కళ్లకూ శుక్లాలు. సూది ముట్టి మూడేళ్లయింది. ఆయన్ని చూస్తే పోలీసులే నవ్వుకుని వెనక్కి పోతారు, ఈలోగా పిల్లను బస్సెక్కించేయవచ్చు. ఇదీ ఆమె వేసుకున్న లెక్క. భయంలో వేసుకున్న లెక్క కాబట్టి ఎంతో తెలివైనదిగా తోచింది.

ఇన్‌స్పెక్టర్ వెళ్లగానే కూతురి సంచిలో రెండు జతల బట్టలు కుక్కింది. “పిన్ని ఇంటికి పో. ఏమీ అడగను, ఏమీ చెప్పకు. పో.”

కూతురు కదల్లేదు. పరదా అవతలి నుంచి అంతా విన్నది. “తాతయ్య పేరు ఎలా చెప్పావమ్మా?”

“ఆయనకి కళ్లు లేవే! చూసి వదిలేస్తారు.”

“మొన్న గోడ మీద వాడు రాసింది కుడిచేత్తో. వాళ్లు విరిచింది ఎడంచెయ్యి. చూసి కొడతారనుకున్నావా?”

అప్పుడే జీపు వీధిలోంచి పోయింది. వెనక సీట్లో ఇద్దరు కానిస్టేబుళ్ల మధ్య మాస్టారు. కాళ్లకు చెప్పులు కూడా లేవు. కూతురు సంచి కింద పడేసి బయటికి నడిచింది. తల్లి గుమ్మానికి అడ్డం పడింది, దండం పెట్టింది, చివరికి కొంగు నోట్లో కుక్కుకుని వెనకే పరుగెత్తింది. కొట్టుకు తాళం వేయాలన్న ధ్యాస కూడా లేదు.

స్టేషన్‌లో మాస్టారు బల్ల ముందు నిలబడి బ్యానర్ మూలను వేళ్లతో తడుముతున్నాడు. అది ఎవరి పనో ఆ వేళ్లకు తెలిసిపోయి ఉంటుంది.

“నేనే కుట్టాను బాబూ” అంటున్నాడు.

“అలాగా? అయితే దారం ఎక్కించు చూద్దాం.” ఇన్‌స్పెక్టర్ సూదీ దారం ఆయన చేతిలో పెట్టాడు.

ఆయన దారం కొస నోట్లో తడిపి, పురి తిప్పి, గుచ్చబోయాడు. తప్పింది. మళ్లీ తప్పింది. కానిస్టేబుల్ కిసుక్కున నవ్వాడు. మూడోసారి సూది జారి కింద పడింది.

కూతురు వంగి సూది తీసింది. ఒక్క విసురులో దారం ఎక్కించి బల్ల మీద పెట్టింది. “కుట్టింది నేను. తాతయ్యని పంపించేయండి.”

చిన్నపిల్ల సార్, తెలియక వాగుతోంది, ఇంటికి తీసుకుపోతాను. ఈ మాటలన్నీ టైలరమ్మ నాలుక చివరి దాకా వచ్చాయి. ఇప్పటికీ అనవచ్చు. ముసలాయన ఒప్పుకున్నాడు, కేసు ఆయన పేరు మీదే రాసుకుంటారు.

మాస్టారు అలికిడి వచ్చిన వైపు తల తిప్పాడు. “ఎవరూ, నువ్వేనా అమ్మాయ్? పిల్లని ఎందుకు తీసుకొచ్చావు? నేను సర్దుకునేవాణ్ణిగా.”

తనను ఎవరు పట్టించారో ఆయనకు తెలుసు. గొంతులో కోపం ఇసుమంత కూడా లేదు. తిట్టినా బాగుండేది.

ఆమె వెళ్లి కూతురి పక్కన నిలబడింది.

“మాస్టారిది అబద్ధం సార్, నేను చెప్పిందీ అబద్ధమే. కుట్టింది నా కూతురు. దానికి నేర్పింది నేను. నా పేరు కూడా రాసుకోండి.”

ఇన్‌స్పెక్టర్ ముగ్గురి పేర్లూ రాసుకున్నాడు. తర్వాత కానిస్టేబుల్‌ని వీధి తలుపు వేయమన్నాడు.